అయిదు అక్షరాల చీటీ

బందరు, ఆదివారం రాత్రి

పోయిన ఆదివారం, కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్న సుబ్బారావు ట్యూషన్ పిల్లలందరి ముందే నన్ను అడిగాడు. "మా లావణ్యకి ఇంగ్లీషులో మార్కులు తగ్గాయేంటండీ మాస్టారూ? మీరు సరిగా చూడటం లేదా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

చెదిరిన అక్షరాలు కలిపి మాట కనిపెట్టడం, దాని అర్థం రాయడం రోజూ పిల్లలకి నేను పెట్టే ఆటే. మార్కుల మాటెలా ఉన్నా, అందులో అందరికంటే ముందు చెయ్యెత్తేది లావణ్యే. "ఇది మీరే చేసి చూడండి, అమ్మాయికి సాయంగా ఉంటుంది" అని సుబ్బారావుకి చీటీ మీద అయిదు ఇంగ్లీషు అక్షరాలు రాసిచ్చాను. వాటిని ఏ వరసలో పెట్టినా మాట రాదు. తెలిసే రాశాను.

ఇవాళ పొద్దున మళ్ళీ వచ్చాడు. మడతల దగ్గర చిరిగిన చీటీకి టేపు అంటించుకున్నాడు. కొత్త డిక్షనరీ కొని, వారమంతా చెరువు గట్టు మీద కూర్చుని వెతికాడట. వింటుంటే నాకెంత హాయిగా ఉందో రాసుకోవడానికి సిగ్గేమీ లేదు.

"నాకైతే చదువు లేదండీ. ఆరో తరగతి పిల్లకి కూడా రాకపోతే ఎట్టాగండీ? మాస్టారు ఇచ్చారంటే మాట ఉండకుండా ఉంటుందా అని నిన్న రెండు తగిలించాను."

బండి పక్కన లావణ్య నిలబడి ఉంది. ఒక చెంప వాచింది.

"ఇంకొక్క రోజు టైమివ్వండి సార్" అంది.

ఇచ్చాను.