తూర్పు ఎటు

మంగళవారం

ఈ వారం మా మూడో తరగతికి దిక్కుల పాఠం. బోర్డు మీద బాణాలు గీసి పైన ఉత్తరం, కుడిపక్క తూర్పు అని రాశాను. ఇప్పుడు తూర్పెటో చూపించండి అంటే క్లాసంతా బోర్డు కుడిపక్కకే చేతులు చాచింది. జాలర్ల పిల్ల సత్యవతి ఒక్కతే సముద్రం వైపు కిటికీని చూపించింది.

"తూరుపు అటేపు టీచర్! మా అయ్య సేపల యేటకెల్లేది అటే."

"మీ అయ్య సంగతి ఎవరడిగారే? బోర్డు చూడు."

అందరూ నవ్వారు. నోటుబుక్కులో కూడా కిటికీ వైపే తూర్పు అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. రబ్బరుతో చెరిపి నేను చెప్పినట్టే రాసి తెచ్చింది. వెరీ గుడ్ అన్నాను. ఆ పేజీని ఫోటో తీసి స్కూలు యాప్‌లో కూడా పెట్టాను, నా పాఠం గొప్పకి.

ఇందాక అన్నం దగ్గర గుర్తొచ్చింది. పొద్దున్నే ఎండ కళ్లలో కొడుతోందని రోజూ ఆ కిటికీ రెక్కలు మూసేది నేనే.

పదిహేనేళ్ల సర్వీసు. తగలెయ్యనా!

రేపు తప్పు నాదేనని క్లాసులో చెబుతానో లేదో... చెప్పినా, ఆ పిల్ల ఇక ముందు చూసేది బోర్డునే, కిటికీని కాదు.