రెండు గరిటెల పట్టీ నుండి మా పాప పేరు తీసివేయుట గురించి

నల్లదొడ్డి,
12-11-1983.

ఆదోని పౌష్టికాహార పథకం అధికారి గారి సముఖమునకు, నల్లదొడ్డి గ్రామ కాపురస్థుడు, ఉరుకుందప్ప కుమారుడు, పత్తి జిన్నులో హమాలి ఉచ్చీరప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: బాల్వాడిలో మా కుమార్తెకు రెండింతలు పెట్టుచున్న ఆహారమును వెంటనే నిలుపుదల చేయమని కోరుట.

1. నేను ఎనిమిదో తరగతి వరకు చదివియున్నాను. ఇది ఒకరిచేత వ్రాయించినది కాదు, తప్పులున్న మన్నించవలెను. నా భార్య హులిగమ్మ కూలికి పోవును. మాకు ఒక్కతే కూతురు సుంకులమ్మ, వయస్సు మూడు సంవత్సరముల నాలుగు మాసములు. ఏప్రిల్ నెలలో బాల్వాడిలో చేర్చునాటికి పాప బరువు పదకొండు కిలోలు. అంతవరకు మేము తిన్న జొన్నసంగటి, కొర్రన్నమే తినేది. కోళ్ళ వెంట పరుగెత్తేది.

2. బాల్వాడిలో దినమూ గోధుమరవ్వ ఉప్మా ఒక గరిటె పెట్టుచున్నారు. అది మంచి ఆహారమే. తక్కిన ఇరవై ముగ్గురు పిల్లలు తిని బాగున్నారు. కానీ నెల తిరగకముందే మా పాపకు విరేచనములు పట్టుకొన్నవి. పొట్ట ఉబ్బింది, కాళ్ళు చేతులు పుల్లలైనవి. జులైలో తూచగా బరువు కార్డులో ఎర్రగీత కిందికి దిగింది. ఎర్రగీత కింది పిల్లలకు రెండు గరిటెలు పెట్టవలెనని నిబంధన. పెట్టినారు. దినమునకు నాలుగుసార్లు పోయేది తొమ్మిదిసార్లు పోయింది. ఆగస్టులో తూచగా ఎనిమిది కిలోలు.

3. సూపర్‌వైజరమ్మ గారు ఆ కార్డు చూసి, "ఇక్కడ రెండింతలు పెడుతున్నాం. ఇంట్లో మీరు మాడుస్తున్నారు" అని, ఇకమీదట బిడ్డకు సరిగా అన్నం పెడతానని నా భార్యచేత కాగితం మీద వేలిముద్ర వేయించుకొన్నారు. ఆనాటి నుంచి నా భార్య పక్కింటివాళ్ళను పిలిచి, పాప తింటున్నది చూపించి, ఆ తర్వాత గానీ తాను తినలేదు.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్నకు మొక్కు చెల్లించి వస్తుండగా బస్సులో పాప పక్కనామె చీర పాడుచేసింది. కండక్టరు మమ్మల్ని నడిదారిలో దించాడు. నడుస్తూ నడుస్తూ నా భార్య ఆగి, "ఇది బతుకుతాదా, సెప్పు" అని అడిగింది. నేను పాపను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకొని నడిచాను. ఇది అర్జీలో వ్రాయదగిన సంగతి కాదని ఎరుగుదును.

4. మరునాడు ఆదోనిలో పిల్లల డాక్టరు శ్రీపాదరావు గారికి చూపించాము. ఆయన పాప పొట్ట తట్టి చూసి, "ఇంట్లో ఏం పెడతారు?" అని అడిగారు.

"జొన్నసంగటి సార్."

"బాల్వాడిలో?"

"గోధుమరవ్వ ఉప్మా."

"చేర్పించి ఎన్నాళ్ళయింది?"

"ఐదు నెలలు."

"మరి ఈ బేదులు ఎన్నాళ్ళ నుంచి?"

నా భార్యే అన్నది: "నాలుగు నెలలు."

అప్పుడాయన, "గోధుమ ఈ పిల్ల పేగుకు పడదు. లక్షమందికి బలమిచ్చేది ఈమె పేగును తినేస్తున్నది. ఒక్క పలుకు కూడా నోట పడనివ్వకండి" అని చీటీ వ్రాసి ఇచ్చారు.

పాపను బాల్వాడి మాన్పించి, నా భార్య కూలి మాని ఇంట్లో ఉన్నది. తొమ్మిదోనాడు విరేచనం గట్టిపడింది. పన్నెండోనాడు పాప తనంతట తానే గిన్నె తెచ్చి, "అమ్మా, ఇంగ రోంత" అని అడిగింది. ఆరు వారములలో కిలో పావు పెరిగింది. ఇంకా ఎర్రగీత కిందనే ఉన్నది, అయినా నడుస్తున్నది.

5. పత్తి తీత మొదలైనందున ఎల్లకాలం ఇంట్లో ఉండలేక, జొన్నరొట్టె కట్టి, డాక్టరు గారి చీటీ కూడా ఇచ్చి, పాపను మరల బాల్వాడికి పంపినాము. ఈ నెల రెండో తేదీన సూపర్‌వైజరమ్మ గారు తనిఖీకి వచ్చి, రొట్టె తీసివేయించి, తమ ఎదుట రెండు గరిటెలూ తినిపించారు. చీటీ చూపగా, "ఆదోని డాక్టరు మా పథకానికి అధికారి కాడు" అన్నారు.

ఆ సాయంత్రానికే వాంతులు. మూడు దినములు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. చేతిలో నరం దొరకక పాదానికి గుచ్చారు. పాప ఏడవలేదు. ఏడవడానికి దానికి సత్తువ లేదు.

6. ఇప్పుడు ఈ నెల ఇరవై ఒకటో తేదీన కర్నూలు నుంచి పెద్దలు వచ్చెదరని, ఎర్రగీత పిల్లలందరూ వారి ఎదుట రెండు గరిటెలు తినవలెనని, మా పాపను తీసుకురాని యెడల వేలిముద్ర కాగితం పైకి పంపి, బిడ్డను మాడ్చిన తల్లిదండ్రులని మాపై కేసు పెట్టించెదమని కబురు వచ్చియున్నది.

కావున తాము దయతలచి, మా పాప పేరు రెండు గరిటెల పట్టీ నుండి కొట్టివేయించి, తక్కిన పిల్లల పక్కన కూర్చుని ఇంటిరొట్టె తినుటకు అనుమతి ఇప్పించి, నా భార్య వేలిముద్ర కాగితమును తిరిగి ఇప్పించవలెను. మా బిడ్డకు మేము అన్నం పెట్టినాము అయ్యా.

అర్జీని చిత్తగించవలెను. అది ఇరవై ఒకటో తేదీకి ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఉచ్చీరప్ప

మరొక మనవి: ఇది మడిచి కవరులో పెట్టబోతుండగా బాల్వాడి టీచరు కృపమ్మ మా ఇంటికి వచ్చింది. భర్త లేని మనిషి, ఇద్దరు పిల్లలను ఆ ఉద్యోగం మీదనే సాకుతున్నది.

"ఏం రాసినావో సదువన్నా" అన్నది. చదివాను.

"ఇందులో నా పేరు యాడా లేదే."

"రాస్తే నీ ఉద్యోగం పోతాదమ్మా. అందుకే రాయలేదు."

"పోనీలే. పెన్ను ఇయ్యి."

వద్దని చెప్పినాను. వినలేదు. కింద ఉన్నది ఆమె చేతివ్రాత.

పైన రాసినదంతా నిజము. రెండో తేదీన పాప వద్దు వద్దని నోరు బిగబట్టుకొన్నది. ముక్కు మూసి తినిపించినది నేనే. డాక్టరు గారి చీటీ అప్పటికే నేను చదివియున్నాను. ఇరవై ఒకటో తేదీన ఎవరు వచ్చినా నేను తినిపించను.

ఆర్. కృపమ్మ,
బాల్వాడి టీచరు, నల్లదొడ్డి.