బదులు నిలబెట్టడానికి మనిషి లేడట

గుణదల, విజయవాడ
తేది: 10-9-2002

సైనిక కుటుంబాల అర్జీలు చూచు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సిపాయి జాన్ పాల్‌కు పదిహేను రోజుల సెలవు పొడిగింపు, మరియు సైన్యంలో చాలినంత మంది ఉన్నారా లేరా అన్న ప్రశ్నకు జవాబు కోరుట గురించి.

ఏలూరు కాలువ లాకుల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు తలుపులు ఎత్తి దించే లస్కరుగా పనిచేసి రిటైరైన జక్కయ్య అను నేను మనవి చేయునది ఏమనగా:

1. నా కొడుకు జాన్ పాల్ ఆరేళ్ళ క్రితం సైన్యంలో చేరినాడు. ఎవరూ బలవంతంగా పట్టుకుపోలేదు. మన సైన్యమంతా ఇష్టపడి వచ్చినవాళ్ళదేనని సభల్లో చెబుతుంటారు. నిజమే. ఆ ఇష్టాన్ని చేరే రోజున ఒక్కసారే అడుగుతారని మాకు తెలియదు.

2. గత క్రిస్మస్‌కు మంజూరైన సెలవు, దళాలను సరిహద్దుకు తరలించుటచే రద్దు అయినది. దేశం పని గదా అని ఊరుకున్నాము. ఏప్రిల్‌లో నా భార్య శౌరమ్మకు కిడ్నీలు పాడై ఆసుపత్రిలో చేర్చి, టెలిగ్రాం ఇచ్చినాను. "బదులు నిలబెట్టుటకు మనిషి లేనందున సెలవు వీలుపడదు" అని జవాబు వచ్చినది. శౌరమ్మ గుమ్మం వైపే తల తిప్పి పడుకునేది. "ఏమయ్యా, పిల్లాడి బండి ఎన్నింటికి?" అని అడిగేది. రేపు పొద్దున్నే అనేవాణ్ణి. తొమ్మిది రోజులు అదే అబద్ధం చెప్పాను సార్. పదో రోజు ఆమె అడగలేదు.

3. కొడుకు లేకుండానే సమాధి చేసినాము. సదరు సిపాయి నాలుగు నెలల తర్వాత, ఆగస్టు 25న, ఇరవై రోజుల సెలవు మీద వచ్చినాడు. కంచం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోతున్నాడు. తట్టి లేపితే ఉలిక్కిపడి బూట్లు వెతుక్కుంటున్నాడు. ఇద్దరు చేసే కాపలా ఎనిమిది నెలలుగా ఒక్కడే చేస్తున్నాడట. విశ్రాంతి అవసరమని డాక్టరు గారు రాసిచ్చిన చీటీ జతపరచడమైనది.

4. ఈ సంగతి చెప్పుకోవడానికి వస్తే మీ గుమాస్తా గారు, "సైన్యంలో కొరత అనేది లేదండీ, అర్జీలో అలా రాయకండి" అన్నారు. కొరత లేకపోతే నా టెలిగ్రాంకు ఆ జవాబు ఎందుకు వచ్చింది? పోయిన నెల భర్తీకి మా పక్కింటి టైలరు సిరాజ్ గారి అబ్బాయి అఫ్జల్ వెళ్ళినాడు. పరుగులో నెగ్గినాడు, ఛాతీ కొలత సరిపోయినది. ఖాళీలు నిండినవని పంపేసినారు. అక్కడ మనిషి లేడు, ఇక్కడ ఖాళీ లేదు. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఒక్క లస్కరుకు రెండు లాకులు అప్పగిస్తే వరద రోజున ఏమవుతుందో నాకు తెలుసు. పని పెంచుకుంటూ పోయి మనిషిని పెంచకపోవడాన్ని ధైర్యం అనరండీ.

కావున తమరు దయతో పైవారికి రాసి సెలవు పొడిగింపించి, నా ప్రశ్నకు ఉన్నారనో లేరనో ఒక్క ముక్కలో జవాబు ఇప్పించి, ఈ మొర చిత్తగించవలెను. దయతో అని రాయాలన్నారు, రాసినాను.

తమ విధేయుడు,
జక్కయ్య

తా.క.: పోస్టు చేసేలోపు జాన్ పాల్ ఇది చదివాడు. "నాన్నా, నేనిక్కడ పదిహేను రోజులు ఎక్కువ పడుకుంటే నా కాపలా బెహరా చెయ్యాలి. ఒరిస్సా అతను. వాళ్ళావిడ నీళ్ళాడింది. నేను వెళ్తేగానీ అతను రైలెక్కడు" అన్నాడు.

"మరి నీ ఒంటి సంగతి?" అన్నాను.

"బండిలో పడుకుంటాలే."

నాలుగు రోజుల సెలవు మిగిలుండగానే ఈ మధ్యాహ్నం బయలుదేరాడు. ప్లాట్‌ఫారం మీద కూడా నిద్రపోయాడు. బండి వస్తే నేనే లేపి ఎక్కించాను. ఈ చేతులతోనే.

సెలవు పొడిగింపు కొట్టేయండి. ప్రశ్న కొట్టేయొద్దు. ఆ బెహరాను బిడ్డ దగ్గరికి పంపారో లేదో కనుక్కుని నాకు రాయండి. రాయకపోతే రోజూ పదింటికి వచ్చి మీ గది ముందు కూర్చుంటాను. రిటైరైనవాణ్ణి, నాకు బదులు ఎవరూ అక్కర్లేదు.