డ్రోన్ కర్త కాదు

ఇన్‌స్పెక్టర్ గారికి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

నిన్న మీ స్టేషన్‌లో నా ఫిర్యాదును "ఇంటి పెరటిపై డ్రోన్ ఎగిరినది" అని నమోదు చేశారు. ఆ వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను. కాకి ఎగురుతుంది, డ్రోన్‌ను ఎవరో ఎగరవేయాలి. మీరు యంత్రాన్నే కర్తను చేశారు. ఇక మనిషిని ఎవరు వెతుకుతారు?

ఈ మాట అంటే మీ హెడ్ కానిస్టేబుల్ నవ్వి, "రిటైరైనా ఎర్ర పెన్ను వదల్లేదా మాస్టారూ? ఎవరో సరదాకి ఎగరేసుంటారు లెండి" అన్నారు.

సరదా కాదండీ. రెండు నెలలుగా నా కుమార్తె నా ఇంట తలదాచుకుంటున్నది. ఆ యంత్రం వరుసగా నాలుగు సాయంత్రాలు వచ్చి ఆమె కిటికీ ఎదుటే ఆగింది. నిన్న ఆమె బట్టలు ఆరవేస్తూ దానిని చూసి, చేతిలోని తడిబట్ట వదిలేసి లోపలికి పరుగెత్తింది. "నాన్నా, నేనిక్కడున్నానని తెలిసిపోయింది" అన్నది. అప్పటినుంచి గది గడియ తీయలేదు.

ఎవరిపైనైనా అనుమానమా అని మీరు అడిగితే లేదన్నాను. అది అబద్ధం. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన ఊరిలో ఇంటి గుట్టును కాగితం మీద పెట్టడానికి మనసొప్పలేదు.

దయచేసి ఇలా నమోదు చేయండి: "నా కుమార్తె చెయ్యి విరిచిన నా అల్లుడు మా ఇంటిపై డ్రోన్‌ను ఎగరవేస్తున్నాడు."

ఈ ఉత్తరాన్ని నా భార్య స్వయంగా తెస్తున్నది. ఆమెతోపాటే మీ మనుషులను పంపండి. ఈ ఉదయం అతని కారు మా వీధి చివర ఆగి ఉన్నది.

అక్షరదోషాలుంటే మన్నించండి. సరిచూసుకునే వ్యవధి లేదు.