మానని పుండు ఉన్నవారికే

జూన్ 9, సోమవారం

నిన్న మిరుగం కార్తె. వాన లేదు, ఉక్క ఉంది.

మెడికల్ యూనివర్సిటీకి వెళ్లి అక్కడి డాక్టరమ్మను కలిశాను. వచ్చే నెల మొదలయ్యే క్లినికల్ ట్రయల్స్ గురించి మా పేపర్‌కు మామూలు మాటల్లో ఒక పేజీ రాయాలి. మూడు ట్రయల్స్ ఉన్నాయి. నేను మొదటి దగ్గరే ఆగిపోయాను — షుగర్ ఉన్నవారి కాలి పుండ్లకు కొత్త ఆయింట్‌మెంట్. 'ప్రయోగం' అనే మాట వాడొద్దని ఆమె కోరిక. "జనం పారిపోతారండీ." ప్రయోగాన్ని ప్రయోగం అనకపోతే ఏమనాలి? అడిగితే నవ్వింది.

నోట్స్ రాసుకుంటున్నంతసేపూ మనసులో బావ కాలే. కుడి బొటనవేలి కింద పుండు, ఉగాది ముందు నుంచి. బస్తీ దవాఖానలో రోజు విడిచి రోజు కట్టు మారుస్తున్నారు. అక్క పొద్దున ఫోన్‌లో — "ఎర్రమాంసం వస్తాందట, నర్సమ్మ అన్నది." పుండు మానుతున్నదానికి అది గుర్తు. ఎంత వచ్చిందో చెప్పదు. సంతోషపడాలో వద్దో తెలియదు.

జూన్ 10

పేజీ రాస్తున్నాను. ట్రయల్ అంటే ఏమిటో ముందు అక్కకే చెప్పి చూశాను. ఆమెకు అర్థమైతే అందరికీ అవుతుంది.

సగం మందికి కొత్త మందు, మిగతా సగానికి మందు కలపని ఉత్త ఆయింట్‌మెంట్ అన్నాను.

"గదేందే, సగం మందిని మోసం జేసుడా?"

కాదు. మామూలు కట్టు, గోళీలు అందరికీ ఉంటాయి. ఎవరికి ఏది వచ్చిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. చీటీలు తీసినట్టు కంప్యూటర్ పంచుతుంది. ముందే తెలిస్తే ఆశ కలుస్తుంది, ఫలితం చెడుతుంది.

"డాక్టరుకు గూడ తెల్వకపోతే ఇగ డాక్టరెందుకే?"

మంచి ప్రశ్న. జవాబుతో సహా పేజీలో పెట్టాను.

వెనక నుంచి బావ గొంతు — "మా మరదలికి చెప్పు, పేపరామె చుట్టాన్ని, నాకు అసలు మందే పడేటట్టు చూడుమని." చీటీకి చుట్టరికం తెలియదని చెప్పమన్నాను.

జూన్ 11

అచ్చయింది. ఆఫీసులో డెస్క్ వాళ్లు పెట్టిన శీర్షిక 'పుండు మాన్పే కొత్త మందు'. మాన్పుతుందో లేదో తెలియకే పరీక్ష పెడుతున్నారని వాదించి తీయించాను. 'ఎవరిని తీసుకుంటారు' అన్న పెట్టెలో మొదటి వాక్యం — నెల దాటినా మానని పుండు ఉన్నవారినే తీసుకుంటారు. విశేషణం ఒక్కటీ లేదు. తృప్తిగా ఉంది.

రోజంతా ఫోన్లు. తొర్రూరు నుంచి ఒకాయన — "మా నాయినకు మోకాళ్ల నొప్పులు. జర గా దాంట్ల పేరు ఎక్కియ్యరాదు మేడం."

జూన్ 14

బావ యూనివర్సిటీకి ఫోన్ చేసి పేరు ఇచ్చుకున్నాడు. 23న రమ్మన్నారట, చూసి తీసుకునేదీ లేనిదీ చెబుతారట. నాతో ఒక్క మాట అనలేదు. మానుతున్న పుండుకు ట్రయల్ ఎందుకు? అడగాలి.

జూన్ 17

అడగలేదు. పొద్దంతా హసన్‌పర్తిలో పని. రేపు.

జూన్ 20, శుక్రవారం

కొత్తవాడలో అక్క ఇంటికి వెళ్లాను. బావ మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు, జంపఖానా సగం నేసి ఉంది. తొక్కొద్దన్న కాలితోనే తొక్కుతున్నాడు. కాలికి తెల్లటి కట్టు. మరీ తెల్లగా. పైన ముడి. నర్సమ్మ టేపు అంటిస్తుంది, ముడి వేయదు.

"కట్టు ఎవరు కట్టిండ్రు బావా?"

"నువ్వేమన్న సీఐడీవా?"

"ఎవరు కట్టిండ్రు?"

నవ్వాడు. నేను నవ్వలేదు. "నేనే."

పోయిన వారం గురువారం నుంచి దవాఖాన మానేశాడు. పోతున్నానని అక్కకు చెప్పడం, చౌరస్తాలో చాయ్ తాగడం, పాత కట్టు మీద కొత్త గుడ్డ చుట్టుకుని ఇంటికి రావడం.

"నువ్వే రాస్తివి గదనే! మానని పుండు ఉన్నోళ్లనే తీసుకుంటరని. నాది మానబట్టె. ఇరువై మూడు దాక మానిపోతే నన్నెట్ల తీసుకుంటరు?"

"మానితే మంచిదే గద!"

"మా అన్నకు గూడ మానుతాంది, మానుతాంది అనే అన్నరు. మోకాలు కాడికి తీసేసిండ్రు. నాకు గా మాట మీద నమ్మకం లేదు. కొత్త మందు గావాలె."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. "గిన్ని రోజులు చాయ్ తాగవోయినవా?" అంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

విప్పి చూశాం. అంచు నల్లబడింది. వాసన.

ఇంటికి రాగానే 9వ తేదీ నోట్స్ తీశాను. 'ఇప్పుడు వాడుతున్న మందులు, కట్టు ఆపకూడదు. ఆపినవారిని తీసుకోరు.' డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. కింద గీత కూడా గీసుకున్నాను. పేజీలో పెట్టె రెండు వరుసలు ఎక్కువైంది... ఆ రెండు వరుసలూ తీసింది డెస్క్ కాదు. నేను. కట్టు ఎవరు ఆపుతారులే అనుకున్నాను.

జూన్ 21

అక్క, నేను ఇద్దరం కలిసి ఆటోలో తీసుకుపోయాం. నర్సమ్మ కట్టు విప్పి బావ ముఖంలోకి చూసింది. "ఏం పెద్దమనిషివయ్యా! నేను రెండు నెల్లు కష్టపడి ఎర్రగ తెస్తే, నువ్వు బొగ్గు చేసుకొస్తివి." ఇవాళే పెద్ద దవాఖానకు పొమ్మంది. బావ వినడు. "సోమారం ఎట్లయిన పోతనే ఉన్నం గద." ముందే ఎక్కడైనా చేరితే పేరు తీసేస్తారని భయం. ఆ భయం కూడా నేను రాసిన 'మానని పుండు' వాక్యం చదివే.

సవరణ వేయమని డెస్క్‌కు చెప్పాను. "తప్పేం రాయలేదు కదా మేడం, ఒక మాట రాయలేదు, అంతే కదా." రేపు వేస్తారట, ఐదో పేజీ అడుగున.

పుండు ఉందని ఫోన్ చేసినవాళ్ల నంబర్లు వెతికి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. కట్టు ఆపారా? గోళీలు వేసుకుంటున్నారా? ఇద్దరు ఎత్తలేదు.

జూన్ 22

బావకు జ్వరం. ఉక్కకు అంటాడు. థర్మామీటర్ కొనుక్కుని వెళ్లాను. నూట ఒకటి. ఈ పూటే పోదాం అంటే అటు తిరిగి పడుకున్నాడు. నేను లేచి వస్తుంటే — "రేపు డాక్టరమ్మ ముంగట నోరు తెరిచినవనుకో, మళ్ల మా గడప తొక్కకు."

నిన్న ఫోన్ ఎత్తని ఆ ఇద్దరిలో ఒకరు ఎత్తారు. ఆపలేదట. ఇంకొకరు ఇంకా ఎత్తడం లేదు.

జూన్ 23, సోమవారం

యూనివర్సిటీ దవాఖాన. ఫారం నింపుతూ డాక్టరమ్మ వరుసగా అడుగుతోంది. వయసు. షుగర్ ఎన్నేళ్లుగా. పుండు ఎప్పటి నుంచి. కట్టు గానీ మందులు గానీ మధ్యలో ఆపారా?

"ఒక్క రోజు గూడ ఆపలే మేడం."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెన్ను కదిలింది.

"ఆపాడు. తొమ్మిది రోజులు. నేను రాసింది చదివి."

నేనే అన్నాను. ఫోన్‌లో డెస్క్‌కు వార్త చదివినట్టు వచ్చింది గొంతు.

ఆమె పెన్ను మూసింది. ఫారం పక్కన పెట్టి, వంగి, కాలు చాలాసేపు చూసింది. ఇక ట్రయల్ మాట లేదు. చక్రాల కుర్చీ తెప్పించారు, వార్డులో చేర్చారు. ఎముక దాకా పోయిందేమో ఎక్స్‌రే చూడాలట. వేలు తీస్తే సరిపోతుందా, పైదాకా తీయాలా, లేక ఏమీ తీయకుండా నిలుస్తుందా — రేపు డాక్టర్ల రౌండ్‌లో చెబుతారు.

బావ నా వైపు చూడలేదు. అక్కతోనే అన్నాడు, నాకు వినపడేలా — "గా మాట ఈడ చెప్పేదేదో పేపర్లనే రాస్తే అయిపోవు గద."

బయటికొచ్చి నిలబడ్డాను.

జూన్ 24

ఏడున్నరకు అక్క ఫోన్. జ్వరం తగ్గలేదు. "మగ్గం గుంటల గా కాలితోనే తొక్కాలె, గదొక్కటి డాక్టరమ్మకు చెప్పుమంటాండు." నన్ను చెప్పమన్నాడా? "నీ పేరు ఎత్తలేదే. చెప్పుమన్నడు, అంతే."

డాక్టరమ్మకు మెసేజ్ పెట్టాను — నేతపనివాడు, కుడికాలితో తొక్కాలి. చూసింది. జవాబు రాయలేదు.

ఎనిమిదిన్నర. రౌండ్ మొదలై ఉంటుంది.

అక్క ఫోన్ ఎత్తడం లేదు.