కక్కులు లేని కోత మిషన్

ఆదివారం, చిలుకూరు.

ఈరోజు నాకు ఘోర అవమానం జరిగింది. అదీ ఒక గడ్డి కోసే మిషన్ చేతిలో!

బర్రెలకు గడ్డి కోసీ కోసీ అమ్మ మణికట్టు వాచింది. అందుకని కొట్టంలో మూలపడ్డ పాత మిషన్‌ను బాగుచేస్తానని మెకానికల్ పట్టభద్రుడి హోదాలో ప్రకటించాను. బెల్టు మార్చాను. తాడు ఒక్కసారి లాగగానే ఇంజన్ లేచింది. బ్లేడ్లు అటూ ఇటూ చకచకా ఆడాయి. గడ్డి మాత్రం వంగి, దండం పెట్టి, మళ్లీ లేచి నిలబడింది.

డూప్లికేటు బెల్టు అంటగట్టాడని కోదాడ షాపువాణ్ణి ఫోన్లో కడిగేశాను. "బెల్టు మంచిది గాకపోతే బ్లేడ్లెట్ల ఆడుతున్నయన్నా?" అన్నాడు. ఎంత పొగరు!

"ఇగ ఖతం. పొద్దుగాల పాత ఇనుప సామాన్లోనికి ఏస్త," అన్నాడు నాయన.

అమ్మ వచ్చి బ్లేడు అంచును వేలితో తడిమింది. "దీని కక్కులేవిరా?"

"రంపం పండ్ల లెక్క గరుకుగ ఉంటే గ్రైండర్ పట్టి నున్నగ చేసిన. అద్దం లెక్క మెరుస్తలేదా?"

"కొడవలికి కక్కు కొట్టించుకుంటరు గని, అరగదీస్తరార ఎవలన్న? గడ్డి జారక ఏంజేస్తది?"

నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. ఎవరి మీద కేసు వేయాలి?

అమ్మ ఆ వాచిన చేత్తోనే కొడవలి తీసుకుంది. నేను కోస్తానంటే ఇవ్వలేదు. "నీకిస్తే దీన్ని గూడ నున్నగ చేస్తవ్," అంది.

బ్లేడ్ల పట్టీ ఊడదీసి బండికి కట్టేశాను. పొద్దున పాత సామాన్లవాడు రాకముందే, కక్కు కొట్టించడానికి కమ్మరి ఇంటి ముందుంటాను. కక్కులు ఏమయ్యాయని ఆయన అడిగితే మాత్రం...