తియోఫీల్ గిడ్రో ఎవరు?

జులై 8, సోమవారం

ఓవీడ్ ఫాల్గూ కంచె వేశాడు. నలభై ఏళ్లుగా మా రెండిళ్ల మధ్య లేని కంచె. నేను పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చేలోపు ఇనుప జాలీ బిగించేశాడు. అంజూర చెట్టు అటు పడింది. చెట్టు నిండా పండ్లు.

ఇదేమిటని అడిగితే, చెట్టు మా వైపుదే ఎర్లీన్, ఇన్నాళ్లూ నువ్వు కోసుకుంటుంటే పోనీలే అని ఊరుకున్నా అన్నాడు. ఊరుకున్నాడట. ఆ పండ్లతో నేను చేసిన పాకం ఏటా మూడు సీసాలు నాకి ఊరుకున్నాడు.

రేపు కోర్టుహౌస్‌కి వెళ్తాను. కాగితం తెచ్చి వాడి ముక్కు మీద పెడతాను.

జులై 9

మా ఇంటి కాగితాలు వరదలో పోయాయి. పోతే ఏం, కోర్టుహౌస్‌లో ప్యారిష్, అంటే మా జిల్లా, మొత్తానివీ ఉంటాయి, ఎవరు అడిగినా చూపిస్తారు. కౌంటర్ దగ్గర మిస్ జెనీవ్‌కి ఇంటి నంబరు, వీధి పేరు చెప్పాను. ఆవిడ నవ్వింది. ఇంటి నంబర్లు పోస్ట్‌మన్‌కి చెప్పు తల్లీ, ఇక్కడ మనుషుల పేర్లే, అమ్మినవాళ్లకో పుస్తకం, కొన్నవాళ్లకో పుస్తకం, ఇంతకీ కొన్నదెవరు అంది.

పూల్‌డూ అన్నాను.

ఆ నీటికోడి పేరు పెట్టి వెతికితే ఏం దొరకదమ్మా, అసలు పేరు చెప్పు అంది.

మా ఆయన్ని చిన్నప్పటి నుంచీ అందరూ పూల్‌డూ అనే పిలిచారు. నల్లగా, గుండ్రంగా ఉండేవాడు, నీళ్లలోంచి బయటికి వచ్చేవాడు కాదు. ఊళ్లో ప్రతివాడికీ ఇలాంటి పేరొకటి ఉంటుంది. అసలు పేరు జ్ఞానస్నానం నాడు ఒకసారి, పెళ్లినాడు ఒకసారి బయటికి వస్తుంది. సమాధి రాయి మీద కూడా పూల్‌డూ గిడ్రో అనే చెక్కించాను, లేకపోతే ఎవరికి పువ్వులు పెడుతున్నారో జనానికి తెలియదు. ఇవాళ కౌంటర్ పట్టుకుని, కళ్లు మూసుకుని, మా పెళ్లిలో ఫాదర్ ఏమని పిలిచాడో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

తియోఫీల్. తియోఫీల్ గిడ్రో.

ఆ పేరుతో ఐదు నిమిషాల్లో దొరికింది. 1982, పుస్తకం 212, పేజీ 88. జిరాక్స్ తీయించుకున్నాను. రేపటితో ఓవీడ్ పని అయిపోతుంది.

జులై 10, ఉదయం 7

కాగితం ప్రకారం మా స్థలం రోడ్డు మూలలోని ఇనుప కడ్డీ నుంచి తూర్పుగా అరవై అడుగులు. టేపు పట్టుకుని బయలుదేరుతున్నాను.

జులై 10, ఉదయం 8:30

అరవై అడుగులు మా వంటింటి దగ్గరే అయిపోయాయి.

జులై 10, ఉదయం 10

మళ్లీ కొలిచాను. టేపు మార్చి కొలిచాను. బయట గోడ వెంట కొలిచాను, లోపలికి వచ్చి కొలిచాను. అరవయ్యో అడుగు సింకుకీ పొయ్యికీ మధ్య పడుతోంది. సింకు నాది. పొయ్యి, ఫ్రిజ్, తూర్పు కిటికీ, మొత్తం నాలుగడుగులు ఓవీడ్‌వి. అంజూర చెట్టు సంగతి అడగనే అక్కర్లేదు. అది ఇంకా అవతల ఎక్కడో ఉంది.

ఆ వంటిల్లు పూల్‌డూ తన చేతుల్తో కట్టాడు. నేను స్కూల్లో మూడొందల మంది పిల్లలకి వండి, ఇంటికొచ్చి సొరుగు లాంటి గదిలో మళ్లీ వండుతుంటే చూడలేక కట్టాడు. దాన్ని పడగొట్టమంటే నేను బతకను.

జులై 11

కోర్టుహౌస్‌లో కిటికీ పక్క టేబుల్ దగ్గర డ్యుగా అనే ఆయన రోజంతా కూర్చుంటాడు. ఆయిల్ కంపెనీల కోసం పాత దస్తావేజులు వెతకడం ఆయన పని. నా స్నేహితురాలికో చిక్కు వచ్చిందని చెప్పి అడిగాను.

మన లూసియానాలో ఒక జాగా తనదే అనుకుని ముప్పై ఏళ్లు వాడుకుంటే, కాగితం లేకపోయినా అది తనదే అవుతుందండీ అన్నాడు. ఈలోగా పక్కాయన కేసు వేసినా, మీ ఫ్రెండే నోరు జారి అది మీదేనండీ అని ఒప్పుకున్నా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది అన్నాడు. తర్వాత, ఇంతకీ మీ ఫ్రెండ్ వంటిల్లు ఎప్పుడు కట్టారు అని అడిగాడు. వంటిల్లని నేను చెప్పలేదు. చేతిలో టేపు, ఒంటి మీద ఏప్రన్ చూస్తే తెలుస్తుంది కదండీ అన్నాడు. తొందరలో ఏప్రన్ విప్పడం మర్చిపోయాను.

ఇంటికొచ్చి వంటింటి గచ్చు మూల చూశాను. తడి సిమెంటులో పూల్‌డూ మేకుతో గీసింది అలాగే ఉంది. ఆగస్టు 9, 1994.

ముప్పై ఏళ్లు నిండడానికి ఇంకా ఇరవై తొమ్మిది రోజులు. అన్ని రోజులూ నేను నోరు మూసుకుని ఉండాలి. నేను.

జులై 12

ఓవీడ్‌కి బెండకాయ గుంబో పులుసు ఇచ్చి వచ్చాను. పీతలు కూడా వేశాను. కంచె చాలా బాగుందని చెప్పాను.

జులై 15

కొంప మునిగింది. గుంబో తిన్నాక అనుమానం వచ్చిందట. నువ్వు గొడవ పడకుండా కూర్చున్నావంటే ఏదో ఉంది ఎర్లీన్, నేనూ వెళ్లి నా కాగితం చూసుకుంటా అన్నాడు. మర్యాదగా ఉన్నా తప్పేనా?

జులై 17

ఓవీడ్ జిరాక్స్ పట్టుకుని వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను పొయ్యికి అడ్డంగా నిలబడ్డాను.

ఆయన కాగితంలో పడమటి హద్దు ‘తియోఫీల్ గిడ్రో భూమి’ అని ఉంది. ఈ తియోఫీల్ ఎవడు ఎర్లీన్, మనిద్దరి మధ్య వీడి భూమెక్కణ్ణించి వచ్చింది, మీ ఆయన చుట్టమా అని అడిగాడు.

నలభై ఏళ్లు పక్కింట్లో ఉన్నాడు. పూల్‌డూతో కలిసి ఒకే పడవలో రొయ్యల వల లాగాడు. శవపేటిక ఒక మూల మోశాడు. పేరు తెలియదు.

ప్యారిష్‌లో సగం మంది గిడ్రోలే, ఎవరో ఏమో అన్నాను. ఆయన వెళ్లాక ఒక గిన్నె తోమాను. అది అప్పటికే తోమి ఉంది.

జులై 22

ఓవీడ్ ఊరంతా తియోఫీల్ కోసం వెతుకుతున్నాడు. మంగలిని అడిగాడు, ఫాదర్‌ని అడిగాడు, ఎరలమ్మే కొట్లో అడిగాడు. ఎవరికీ తెలియదు. నర్సింగ్ హోంలో ఒక తియోఫీల్ దొరికాడట. అతను గిడ్రో కాదు, పైగా చెవుడు, అయినా తనకి భూమి ఉందని తెలిసి చాలా సంతోషించాడట.

కొన్నవాళ్ల పుస్తకం తెరిచి ఆ తియోఫీల్ కాగితమే చూడొచ్చన్న ఆలోచన ఓవీడ్‌కి రాలేదు. మనిషిని నిలబెట్టి అడగాలి గానీ కాగితంతో ఏం మాట్లాడతాం అంటాడు. దేవుడు చల్లగా చూడాలి ఇలాంటివాళ్లని. మిస్ జెనీవ్‌ని అడిగితే, పుస్తకాలు చూపించడమే మా పని, మనుషుల్ని చూపించడం కాదు అందట. ఆవిడ నిన్న చర్చిలో నన్ను అదోలా చూసింది.

జులై 29

ఓవీడ్ కంచె పీకేశాడు. మనమూ మనమూ కొట్టుకుంటుంటే ఆ తియోఫీల్‌గాడు వచ్చి అంతా ఎగరేసుకుపోతాడు, ఇకమీద మనిద్దరం ఒక జట్టు అన్నాడు. చెట్టున మిగిలిన ఆఖరి పండ్లు రెండు బకెట్లు కోసి, ఒకటి నాకు ఇచ్చాడు.

పాకం పట్టాను. ఆయన పండ్లు, ఆయన పొయ్యి జాగా. పంచదార మాత్రం నాది.

ఆగస్టు 2

మళ్లీ అడిగాడు. తియోఫీల్ అనేవాడి గురించి పూల్‌డూ ఎప్పుడైనా చెప్పాడా అని. లేదు అన్నాను. అది అబద్ధం కాదు. ఎవరైనా తన గురించి తాను అలా చెప్పుకుంటారా? అబద్ధం కాదని ఒక గంటసేపు నాకు నేను చెప్పుకున్నాను.

ఆగస్టు 5

నాలుగు రోజులు.

ఆగస్టు 6

పొద్దున్నుంచి వాన. వంటింటి కప్పు కారింది. నేను బకెట్ పెట్టడం ఓవీడ్ కిటికీలోంచి చూసినట్టున్నాడు, డెబ్బై మూడేళ్ల మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కాడు. దిగమన్నా దిగలేదు. తుప్పు పట్టిన రేకు పీకి కొత్తది కొట్టి, పూల్‌డూ కట్టింది గట్టిదే ఎర్లీన్, రేకొక్కటే పోయింది అంటూ తడిసి ముద్దై దిగాడు.

కాఫీ ఇచ్చాను. తాగుతూ తియోఫీల్‌ని అందుకున్నాడు. వాడు దొంగ, నలుగురికీ మొహం చూపించలేనివాడు, ఊళ్లో ఒక్కడికి తెలియకుండా భూమి రాయించుకున్నాడంటే వాడిది మనిషి పుట్టుకేనా, రేపో మాపో వచ్చి నీ వంటింట్లో కూర్చుంటాడు చూడు అన్నాడు.

ఆయన కూర్చున్నది పూల్‌డూ కుర్చీలో.

నేను తల ఊపాను.

ఆగస్టు 7

మూడుసార్లు అయింది. ఎవరో ఏమో అన్నాను. లేదు అన్నాను. దొంగ అంటే తల ఊపాను. మా ఆయన కట్టిన గోడలు దక్కించుకోవడానికి మా ఆయన్నే ఎవడో అన్నాను.

పక్కవాడి వలలోంచి ఒక్క రొయ్య తీసి ఎరగడు. టేపు సరిగ్గా పట్టడం రాదు, అంతే. నాకు సిగ్గుగా ఉంది. ఆయన మీద బెంగగా కూడా ఉంది. పోయిన ఈ ఆరేళ్లలో ఇంత బెంగ ఎప్పుడూ రాలేదు.

ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటే చాలు. రెండే.

ఆగస్టు 8, మధ్యాహ్నం 3

ఓర్చుకోలేకపోయాను.

నా జిరాక్స్ తీసుకుని వెళ్లాను. ఓవీడ్ వరండాలో రొయ్యలు ఒలుస్తున్నాడు. తియోఫీల్ గిడ్రో దొంగ కాడు, నా మొగుడు, మీరు భుజం మీద మోసింది ఆయన్నే, మా వంటిల్లు నాలుగడుగులు మీ జాగాలో ఉంది, రేపటిదాకా నోరు మూసుకుని ఉంటే నాదైపోయేది, ఇప్పుడిక మీ ఇష్టం అన్నాను. అంతా ఒక్క ఊపిరిలో. అయ్యాక జిరాక్స్ ఆయన పక్కన పెట్టాను.

ఓవీడ్ చేతిలో రొయ్యని తొక్కతో సహా గిన్నెలో పడేశాడు. తర్వాత, ఇంత మంచి పేరు పెట్టుకుని నాకొక్కసారైనా చెప్పలేదా వాడు అన్నాడు. వంటింటి ఊసే ఎత్తలేదు. ముందే తెలిస్తే వాణ్ణి అన్ని మాటలు అనేవాణ్ణా అంటూ కళ్లు తుడుచుకున్నాడు, ఆ రొయ్యల చేత్తోనే. మంట పుట్టి ఇంకా ఎక్కువ ఏడ్చాడు. నీళ్లు తెచ్చి నేనే మొహం కడిగాను.

వంటిల్లు ఏమవుతుందో అడిగే ధైర్యం రాలేదు.

ఆగస్టు 9

పొద్దున్నే తన టేపుతో వచ్చాడు. వంటింట్లో నేల మీద సుద్దముక్కతో ఈ గోడ నుంచి ఆ గోడకి గీత గీశాడు. పొయ్యి వైపు కుర్చీ వేసుకుని కూర్చుని, మూత తీసి, నిన్నటి గుంబో వేడి చేసుకుని రెండు గిన్నెలు తిన్నాడు. మిరియాలు ఎక్కువయ్యాయన్నాడు. మరి వంటిల్లు ఏం చేయమంటారు అని అడిగాను. ఆలోచిస్తున్నా అన్నాడు.

గిన్నె కడిగి పెట్టమంటే, సింకు నీ వైపు ఉంది ఎర్లీన్ అని వెళ్లిపోయాడు.

ఆగస్టు 12, సోమవారం

పుస్తకం 631, పేజీ 14. నాలుగడుగులూ నాకు రాసిచ్చాడు. అక్కడ వండినదాంట్లో బతికున్నంతకాలం అనుభవ హక్కు మాత్రం తనకే ఉంచుకున్నాడు. నోటరీ నవ్వకుండా రాశాడు.

మా దగ్గర ఆడవాళ్ల పేర్లు పుట్టింటి పేరుతోనే పుస్తకంలోకి ఎక్కుతాయి. ఎర్లీన్ నాకాన్ అని చెప్పాను. ఎవరి భార్య అని మిస్ జెనీవ్ అడిగింది. నేను నోరు తెరిచేలోపే, తియోఫీల్ గిడ్రో భార్య అని ఓవీడ్ హాలంతా వినపడేలా చెప్పాడు.